ఎర్రపిల్లలు నల్లబడేదాకా

మొన్న మహబూబాబాద్ దగ్గర ఒక తండాకు వెళ్ళాను. సరిత అనే లంబాడీ అమ్మాయి తన ఇంటి వెనక కొర్రమట్ట చేపలు, కోస్తావాళ్ళు కొరమీను అనేవి, పెంచుతోంది. ఎవరో చెబితే నా నంబరు పట్టుకుని, "మీరు శాపలోల్ల ఇంట్ల పుట్టిన్రట గదమ్మా, ఒక్కసారొచ్చి మా పిల్లల్ని సూసిపోండ్రి" అని పిలిచింది. రేకుల పందిరి కింద నీలం టార్పాలిన్ తొట్లు వరుసగా ఉన్నాయి. కొన్నిటిలో వరిగింజంత పిల్లలు, ఎర్రగా, ఒక్క ముద్దలా కదులుతున్నాయి. కొన్నిటిలో వేలి కణుపంతవి, నల్లబడుతున్నాయి. ప్రతి తొట్లోనూ నీళ్ళు అంచుకు జానెడు కిందనే ఆగాయి, పైన వల కప్పి ఉంది. జవాబు తెలిసి కూడా "నిండా ఎందుకు పోయలేదు బిడ్డా?" అని అడిగాను. ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది. "పెద్దగయితుంటె పైకొచ్చి గాలి మింగాలె గదమ్మా! నిండ పోసి మూత పెడితె నీళ్లల్లనే ఊపిరాడక సస్తయి. ట్రైనింగుల మొదటి రోజే చెప్పిన్రు." మొదటి రోజే చెప్పారట. నాకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. పదిహేనేళ్ళ వయసులో, కుండెడు పిల్లల్ని నా చేతులతో చంపుకుని నేర్చుకున్నాను. కూర్చోవడానికి ఏమైనా ఉంటే వెయ్యమన్నాను. ఎండకు కళ్ళు తిరిగాయనుకుని ఆ అమ్మాయి మజ్జిగ తెచ్చిచ్చింది. ఎండకేనని అబద్ధమాడి తాగేశాను.

అది తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చిన తొలి ఉద్యమం నాటి మాట. బళ్ళు మూతబడ్డాయి. నేను జనగామలో హాస్టల్లో ఉండి చదివేదాన్ని. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని దేవరుప్పుల అవతలున్న మా ఊరికి వచ్చేశాను. చదువు ఆగిపోయిందని ఊళ్ళో అందరూ పాపం అన్నారు గానీ, నాకైతే పండగే. మా క్లాసుకు ఒక సారు వచ్చేవాడు, కోస్తా వైపు మనిషి. నేను "గిట్ల" అన్నప్పుడల్లా బెత్తంతో బల్ల మీద కొట్టి, క్లాసంతా నవ్వేదాకా నాతో ఆ మాట మళ్ళీ మళ్ళీ అనిపించేవాడు. ఆ నవ్వు ఇన్నేళ్ళకూ నా చెవుల్లోంచి పోలేదు. పోవాలని నేనూ కోరుకోలేదు. అందుకే బడి తలుపుకు తాళం పడిన రోజు నేను వెనక్కి తిరిగి చూడలేదు.

మాది చెరువుకు దగ్గరగా రెండంకణాల పెంకుటిల్లు. వాకిట్లో ఎప్పుడూ తుమ్మచెక్క ఉడుకుతున్న వాసన. నూలు వలలు కుళ్ళిపోకుండా ఆ ఎర్రటి రసంలో నానబెట్టి దండెం మీద ఆరేసేవాళ్ళు. దూలానికి ఎండుచేపల గంప వేలాడేది. బయటివాళ్ళు ముక్కు మూసుకునే ఆ వాసన హాస్టల్లో నాకు కలలోకి వచ్చేది. ఇంటికి పెద్ద మా బాపమ్మ, అంటే మా బాపు తల్లి. పేరు మల్లవ్వ. తెల్లారకముందే చెరువుకు పోయి, నీళ్ళలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉండేది. ఏం చూస్తున్నావంటే, "ఇయ్యాల నీళ్లు ఎట్లున్నయో అడుగుతున్న" అనేది. చుట్ట వెలిగించేది, సగం తాగి ఆర్పి చెవి మీద పెట్టుకునేది. మిగతా సగం సంతనుంచి వచ్చాక. గంప నెత్తినెత్తుకుని సంతకు పోతే, ఎవరింట్లో బాలింత ఉందో, ఎవరు జ్వరం పడి లేచారో అడిగి కొర్రమట్టను వాళ్ళకోసం దాచి ఉంచేది. ఎంత గొప్పింటివాళ్ళు వచ్చి అడిగినా దాన్ని బయటికి తీసేది కాదు.

ఆ సెలవుల్లో ఆమె నాకు పిల్లచేపలను చూడటం నేర్పింది. వానలు మొదలవుతూనే కొర్రమట్ట జంట చెరువు అంచున తుంగలో చోటు చదును చేసుకుంటుంది. పసుప్పచ్చని గుడ్లు నీళ్ళ మీద తేలుతాయి. ఒకటిన్నర రోజుకో రెండు రోజులకో పిల్లలవుతాయి. పిల్లలని అనడానికి ఏముంది, రెండు నల్లటి కళ్ళు, వాటి కింద ఒక తిండిసంచి, వెనక వెంట్రుకంత తోక. నోరుండదు. ఆ సంచిలో ఉన్నది అరిగేదాకా పొట్ట పైకి పెట్టి తేలుతూ ఉంటాయి. బాపమ్మ గాజుసీసా మూతలో కాసిన్ని తీసి ఎండకు పెడితే, ఒంట్లోంచి వెలుతురు అవతలికి పోయేది, గుండె కొట్టుకోవడం కూడా కనిపించేది. మూడో నాడో నాలుగో నాడో సంచి కరిగిపోతుంది, నోరు తెరుచుకుంటుంది, చేప బోర్లా తిరిగి ఈదుతుంది. ఇక అక్కణ్ణుంచి ఒకటే ఆకలి. రెక్కలు విచ్చుకుంటాయి, ఒళ్ళు నిప్పుకణికలా ఎర్రబడుతుంది. వందలాది ఎర్రపిల్లలు ఒక్క ముద్దగా పైకి లేస్తూ మునుగుతూ తిరుగుతుంటే, కింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. బెత్తెడు దూరంలోకి ఎవరు వచ్చినా మీద పడతాయి, నా మడమ మీద ఇప్పటికీ ఒక గాటు ఉంది. పిల్ల వేలి కణుపంత అయ్యేసరికి ఎరుపు పోయి ఒళ్ళు నల్లబడుతుంది, పొలుసు గట్టిపడుతుంది. అప్పుడిక ఎవరి దారి వాళ్ళది, అడుగు బురదలోకి చెదిరిపోతాయి.

మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. చెరువులో ఎర్రముద్ద ఎవరి కంట ముందు పడితే వాళ్ళు అక్కడొక వెదురుకర్ర పాతి, దానికి పసుపుగుడ్డ కట్టాలి. ఆ కర్ర ఉన్నన్నాళ్ళు ఎంతటివాడైనా అక్కడ వల వెయ్యడు. కాపలా కాసే తల్లిని పట్టడం చాలా తేలిక, పిల్లల్ని వదిలి పోదు కాబట్టి. అందుకే పట్టకూడదు. పిల్లలు నల్లబడి చెదిరిపోయాక, పాతినవాళ్ళే కర్ర పీకేవాళ్ళు. చదువూ సంతకమూ లేని మనుషులు పెట్టుకున్న చట్టం అది. దాన్ని మీరినవాణ్ణి నేను చిన్నప్పుడు చూడలేదు.

ఆ ఏడు తొలివానలు ముందుగానే పడ్డాయి. చెరువులో రెండు పసుపుగుడ్డలు లేచాయి. సరిగ్గా అప్పుడే చేపల ఆఫీసరు వచ్చాడు, ఈయనా కోస్తా వైపు మనిషే. చెరువుగట్టు మీద కుర్చీ వేసి, మావాళ్ళందరినీ ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాడు. చెడ్డమనిషి కాదు, ఆ మాట చెప్పాలి. చల్లగా, ఓపిగ్గా చెప్పాడు. "చూడండి, ఈ కొరమీను దొంగచేప. దీన్ని ఉంచుకుంటే మేమిచ్చే బొచ్చె చేపపిల్ల ఒక్కటీ మిగలదు. చెరువులో ఇప్పపిండి చల్లించి ముందు ఉన్నదంతా చంపెయ్యాలండి. తరవాత మా వైపు నుంచి రైల్లో మంచి విత్తనం తెప్పిస్తాను. మీకు చేపలు పట్టడమే తెలుసు గానీ పెంచడం తెలీదు." ఇప్పగింజల్లోంచి నూనె తీశాక మిగిలేదే ఇప్పపిండి. నీళ్ళలో కలిపితే చేప మొప్పలు ఆడవు. పుస్తకం ప్రకారం ఆయన మాట తప్పు కాదని నాకు తరవాత తెలిసింది. బొచ్చె పిల్లను కొర్రమట్ట నిజంగానే తింటుంది. కానీ ఆ "పెంచడం తెలీదు" అన్న మాట దగ్గర మా బాపమ్మ చుట్ట నేలకేసి రాసింది.

"సారూ, గా ఎర్రముద్దల పిల్లల్ని ఎవలు పెంచిన్రనుకున్నవు?" అంది. ఆఫీసరుకు అర్థం కాలేదు. పక్కనున్న సంఘం పెద్ద ఎల్లయ్య ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. "బాలింతకు ఏం పెడ్తరు? మీ రైలు శాప పెడ్తరా? కరువుల చెర్వెండితె బురదల బతికేది గిదే. సంపుడు ఒక దినం పని, మల్ల తెచ్చుడు ఎవని తరం?" ఎల్లయ్యకు కోపం వచ్చింది. ఆఫీసరు ముందు ఊరి పరువు పోయిందనుకున్నాడు కాబోలు. "ఇంటున్రా అందరు! ఎల్లుండి పిండి సల్లుతం. ఎవలింట్ల కొర్రమట్ట ఇత్తనం దాసిన్రని తెలిసినా వాళ్ల వల ఇగ చెర్వుల దిగది" అన్నాడు. వల దిగకపోతే మాకు తిండి లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. బాపు దండెం కింద కూర్చుని వల కుట్టుకుంటూ, "అవ్వా, నీ నోటికి దండం. నలుగురితోటి నడువాలె గదనే" అన్నాడు. బాపమ్మ ఆయన వైపు చూడకుండా, "నలుగురు కలిసి తల్లిని సంపుతమంటే నేను నడువ" అంది. "మరి వల ఆపితె ఏం తిందం?" "నేను కూలికి పోత. నువ్వు ఆడనే కూసో." ఇద్దరూ అన్నంత పనీ చేసేవాళ్ళే. నాకు ఎవరి పక్కన నిలబడాలో తెలుసు. బెత్తం దెబ్బకు బల్ల మోగినప్పుడల్లా నేను అనాలనుకుని మింగేసిన మాటలన్నీ ఆ రోజు మా బాపమ్మ గట్టు మీద నిలబడి అనేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఊరంతా నీడపట్టున ఉన్నప్పుడు మేమిద్దరం చెరువులో దిగాము. రెండు ఎర్రముద్దలు. ఒకటి వరిగింజంత పిల్లలది. రెండోది ఎరుపు పోయి నల్లబడటానికి వచ్చింది, కణుపంత పిల్లలు. చిన్నవాటిని బాపమ్మ పాతచీరతో దేవి తన కుండలోకి ఎత్తుకుంది. పెద్దవి నాకు ఇచ్చింది. "ఇవి ఎగిరి దుంకుతయి, మూతి కట్టుకో" అని చెప్పి ముందు నడిచింది. మా పాత మోటబావి రెండు మైళ్ళ అవతల, చెలక, అంటే మెట్టపొలం, చివర ఉంది. ఎండ మాడిపోతోంది. పాపం పిల్లలకు చల్లగా ఉండాలని నేను కుండ అంచులదాకా నీళ్ళు నింపాను. నా వోణీ తడిపి, మూతికి ఇంత సందు లేకుండా బిగించి కట్టాను. దారిలో ఒక్క చుక్క ఒలకలేదు. అంత జాగ్రత్తగా నడిచినందుకు నాకు గర్వంగా కూడా ఉంది.

బావి గట్టున వోణీ విప్పి చూస్తే నా పిల్లలన్నీ చచ్చిపోయి ఉన్నాయి. ఒక్కటీ అడుగున లేదు. అన్నీ పైకొచ్చి, గుడ్డకు నోళ్ళు ఆనించి చచ్చాయి. బాపమ్మ కుండ సగానికే ఉంది, నడకకు నీళ్ళు ఒలికి ఆమె భుజమంతా తడిసింది, అందులో వరిగింజ పిల్లలు ఎర్రగా తిరుగుతూనే ఉన్నాయి. నాకేమీ అర్థం కాలేదు. నీళ్ళిచ్చాను, చల్లదనమిచ్చాను, ఇంకేం కావాలి? ఆమె నా కుండలోకి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నిండ పోసినవా? అయ్యో లచ్చిమీ, ఇవి గాలి మింగే ఈడుకొచ్చినయి బిడ్డా! చిన్నయి నీళ్లతోటే బతుకుతయి, కణుపంతయినంక నీళ్లు సాలవు, పైకొచ్చి గాలి మింగాలె. నాలుగు వేళ్ల సందు ఇడువాలె." మరి చెప్పలేదేం అని నేను ఏడుస్తూ అరిచాను. "నీకెర్కేననుకున్ననే. మన ఇంట్ల పుట్టినదానివి, చెప్పాల్నా అనుకున్న" అని ఆమె కూడా కూలబడి ఏడ్చింది. మా తాత పోయిన నాడు కూడా ఆమె ఏడవగా నేను చూడలేదు. నేను పుట్టిన ఇంటి చదువు నాకు రాలేదు, హాస్టల్లో ఇంకెవరి చదువో చదువుతూ కూర్చున్నాను. ఆ సిగ్గు నాకు ఇంకా అట్లాగే ఉంది.

మర్నాడు పిండి చల్లారు. చెరువంతా తెల్లటి పొట్టలు తేలాయి. జనం గంపల్లో ఎత్తుకుపోయారు. పసుపుగుడ్డల కర్రలు మాత్రం ఎవరూ పీకలేదు, నీళ్ళలో అట్లాగే నిలబడి ఉన్నాయి. మేము బావిలో పిల్లలను సాకాము. చెదపురుగులు, చీమగుడ్లు, సన్నగా తరిగిన వానపాములు వాటి తిండి. వారానికోసారి వెదురుబుట్టతో దేవి పెద్దవాటిని వేరు చేసేవాళ్ళం, లేకపోతే చిన్నవాటిని తినేస్తాయి. తల్లి లేని పిల్లలకు తల్లి చెయ్యాల్సిన పనంతా ఒక ముసలామె, బడి లేని పిల్లా చేశారు. అవి నా కళ్ళ ముందు నల్లబడ్డాయి. మొదటిసారి ఒకటి పైకి వచ్చి, మూతి బయట పెట్టి, చిన్న చప్పుడుతో గాలి మింగి మునిగినప్పుడు నేను బావి మెట్ల మీద చప్పట్లు కొట్టాను.

ఇక రైలు విత్తనం. అది రానేలేదు. మా పిల్లలూ పెద్దలూ రైలుపట్టాల మీద కూర్చున్న రోజులవి. రఘునాథపల్లి దగ్గర కూర్చున్నవాళ్ళలో మా బాపు కూడా ఉన్నాడు. నలుగురితో నడవాలన్న మనిషి, నలుగురితోనే నడిచి లాఠీ దెబ్బతో తల పగిలి ఇంటికి వచ్చాడు. బొచ్చె పిల్లల డబ్బాలు దారిలో ఏదో స్టేషన్లో ఆగి, ఎండకు ఉడికి పోయాయని కబురొచ్చింది. వానాకాలం నిండింది. చెరువు నిండింది. అందులో పట్టడానికి చేప లేదు. ఎల్లయ్య వల, మా వల, అందరి వలలూ దండేల మీద ఎండాయి. ఆఫీసరు తన ఊరికి వెళ్ళిపోయాడన్నారు.

చలికాలం వచ్చేసరికి మా కొర్రమట్టలు జానెడు పొడుగయ్యాయి. ఒక పొద్దున బాపమ్మ, "పా, ఇడిసొద్దం" అంది. చాటుగా పోదామన్నాను. "చాటుగ ఎందుకు, దొంగతనం జేసిన్నా?" అని నన్ను కసిరింది. బాపు తలకు కట్టు విప్పి ఎన్నో రోజులు కాలేదు. ఆ మచ్చ మీదనే చుట్టకుదురు పెట్టుకుని పెద్ద కుండ ఎత్తుకున్నాడు. ఎత్తుకునే ముందు కుండలో నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిచి, ఎక్కువున్న నీళ్ళు వొంపేశాడు. ఆ పని చూశాక ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది. ముగ్గురం ఊరి నడిమి నుంచి నడిచాము. ఎల్లయ్య గట్టు మీద అడ్డం నిలబడ్డాడు.

"మల్లవ్వా, నేనేం జెప్పిన? రేపు బొచ్చె పిల్లొస్తె ఇవి మింగయా?"

"రేపొచ్చేదాని కోసం ఇయ్యాల పానమున్నదాన్ని సంపినవు. ఏమొచ్చింది? నా వల ఆపుతవా, ఆపు. ముందుగాల నీ వలకు ఏం దొరికిందో సూపియ్యి."

ఎల్లయ్య బాపు వైపు చూశాడు. "నీ అవ్వకు చెప్పరాదుర!" బాపు కుండ దించకుండానే అన్నాడు, "పక్కకు జరుగన్నా. కుండ బరువున్నది." అంతే. ఎల్లయ్య జరిగాడు. చేపలు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారి మాయమయ్యాయి. మా వల ఎవరూ ఆపలేదు. ఆ మరుసటి ఏడు తొలివానకు తుంగలో ఎర్రముద్ద లేచింది. నేను పరిగెత్తి వెళ్ళేసరికే అక్కడ వెదురుకర్ర ఉంది. దానికి కట్టిన పసుపుగుడ్డ ఎల్లయ్య భార్య చీర అంచు.

ఒక సభలో ఎవరో ఈ కథ విని, "ఊపిరి కోసం కొట్లాడిన చేపే తెలంగాణ" అన్నారు. నేను అక్కడే కాదన్నాను. చేప చేపే. నేను చంపిన పిల్లలు దేనికీ గుర్తుగా చావలేదు. ఇప్పుడు రాష్ట్రం వచ్చింది, దొంగచేప అన్నదాన్నే రాష్ట్ర చేపగా పెట్టుకున్నాము. బాపమ్మ ఉంటే మిగిలిన సగం చుట్ట కూడా వెలిగించేది. అయితే మా చెరువులో ఇప్పుడు వెదురుకర్ర పాతేవాళ్ళు లేరు. దోమ కూడా దూరని నైలాన్ వల వేసి ఎర్రపిల్లలతో సహా ఈడుస్తున్నారు. చెరువులో పోసే పిల్లలు లారీల్లో ఎక్కడి నుంచో వస్తాయి. ఎక్కడి నుంచని అడుగుతూనే ఉన్నాను. ఈ ముసలిదానికి పనేమీ లేదని అనుకుంటున్నారు. అనుకోనీ, అడగడం మానను.

వచ్చేటప్పుడు సరిత మా చెరువు కోసమని ఒక ప్లాస్టిక్ డబ్బాలో కణుపంత పిల్లలు ఇచ్చింది. ఆమె తమ్ముడు అభిమానం కొద్దీ నీళ్ళు నింపి మూత తిప్పబోతే, డబ్బా లాక్కుని నాలుగు వేళ్ళు కొలిచి మిగతా నీళ్ళు వాకిట్లో పారబోశాను. మూత తీసుకుని సంచిలో వేసుకున్నాను. తొర్రూరు మీదుగా జనగామ పోయే బస్సెక్కి డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా నీళ్ళు చిందుతున్నాయి. చీర తడిసింది, పక్కనున్నామె కాళ్ళు ముడుచుకుంది. కండక్టరు వచ్చి, "అవ్వా, జర మూత పెట్టరాదు, బస్సంత నీళ్లయితున్నయి" అన్నాడు.

"కానియ్యి బిడ్డా, తుడుస్త. మూత మాత్రం పెట్ట."